రాశి తొక్కని పిల్లలు

మార్టూరు దాటి, పెద్దరోడ్డు వదిలి, పడమటి డొంకలోకి తిరిగాక మాబు సాహెబ్ ఎడ్లు వాటంతటవే నడక మార్చాయి. ఇంటిదారి అని వాటికి తెలుసు. ఇల్లంటే ఇల్లు కాదు, మిరపచేల మధ్య కల్లం పక్కన వేసుకున్న గుడిసె. కోతల కాలం వస్తే చిలకలూరిపేట శివారు వాడలు సగం ఖాళీ అయి చేలగట్ల మీదికి వచ్చి కూర్చుంటాయి. పొయ్యీ, కుండా, కోడిపెట్టా, మంచం దిగని ముసలమ్మా, అన్నీ వస్తాయి. పేటలో తాళం కప్పలు మాత్రం మిగులుతాయి.

పొద్దుటి నుంచీ బస్తాలు రోడ్డుకు చేర్చి ఖాళీ బండితో వెనక్కి పోతున్నాడతను. నిండు బండి తోలేవాడు బాట చూస్తాడు. ఖాళీ బండి తోలేవాడు లోకం చూస్తాడు. అలా లోకం చూస్తూ పోతున్న మాబు సాహెబ్‌కు డొంకలో అల్లంత దూరాన ఒక ఇనప చక్రం నడిచిపోతూ కనిపించింది. ఎండ కళ్ళలో పడి అలా అనిపించింది గానీ, దగ్గరికి పోతే చక్రం కింద మనిషి ఉంది. ఆడమనిషి. తాటిచెట్టుకు చీర చుట్టినంత పొడుగు. ఇనప కమ్మిని జందెంలా భుజాన వేసుకుంది. చేతిలో వలసంచి, అందులో గుమ్మడికాయంత బంతి.

"ఏమ్మా! ఎవరి బండి పట్టా అది? జారిపోతే ఎతుక్కొచ్చి ఇస్తన్నావా?"

"బండిది కాదండీ, బంతిది."

"బంతికి ఇనప పట్టా ఏందమ్మా, అరిగిపోద్దనా?"

ఆమె నవ్వలేదు. "రామాంజనేయులు గారి కల్లం ఎంత దూరమండీ?" అంది.

"నేనూ ఆడికే. ఎక్కు. నేను ఆపినా ఆపకపోయినా మా ఎడ్లు ఎట్టాగూ ఆగుతాయి, మనిషి కనిపిస్తే వాటికి కబుర్లు గావాల."

ఆమె బండి వెనకవైపు ఎక్కి కాళ్ళు కిందికి వేలాడేసి కూర్చుంది. కాళ్ళు నేలకు జానెడు ఎత్తున ఊగుతున్నాయి. మాబు సాహెబ్ ఒకసారి వెనక్కి తిరిగి ఆ కాళ్ళను చూసి, ఈమె ఎక్కినా దిగినా ఒకటే అనుకున్నాడు.

ఈ డొంకల్లో అడక్కుండా బండెక్కించుకున్నవాడికి ఇవ్వాల్సింది కబురే. ఆమె ఇవ్వలేదు గనక అతనే మొదలుపెట్టాడు. తన ఎడ్లు వినుకొండ సంతలో కొన్నవి. తన పెళ్ళాం ఖుర్షిదా నోరు మిరపకాయ, మనసు మీగడ. ఇక తన కూతురు సైదా. దాని సంగతి వచ్చేసరికి మాబు సాహెబ్ గొంతు ఒక మెట్టు పైకెక్కింది.

"పేటలో క్లబ్బు ఒకటుందమ్మా, మూతబడ్డ జిన్నింగు మిల్లు వెనకమాల. సాయంత్రాలు ఆడపిల్లలకి కుట్టు నేర్పుతారు. మా పిల్ల తప్పకుండా పోద్ది. వానొచ్చినా పోద్ది. రేపు మిషను కొనిస్తే ఇంట్లో కూర్చుని బతుకుద్ది గదా."

ఆమె వలసంచిని ఒళ్ళోకి లాక్కుంది.

"ఇంతవరకూ ఏం కుట్టింది?" అంది ఆమె.

"ఒక జేబు కుట్టింది."

"చొక్కా?"

"చొక్కా ఇంకా రాలా. జేబే."

"మీ పిల్లకి కుట్టు రాదండీ," అంది ఆమె నెమ్మదిగా. "సూది పట్టుకుంటే బట్టని కాదు, వేలిని కుడుతుంది. ఆ క్లబ్బు నాదే. నా పేరు జయకుమారి. ఆడపిల్లల స్కూల్లో డ్రిల్లు టీచర్ని. నేను మీ సైదా కోసమే వస్తున్నాను."

మాబు సాహెబ్ పగ్గాలు లాగాడు. ఎడ్లు ఆగలేదు. కబురు మంచి రసపట్టులో ఉందని వాటికీ తెలిసినట్టుంది.

*

జయకుమారి తండ్రి ఏసోబు మిషన్ ఆసుపత్రిలో గేటు కాసేవాడు. తల్లి ప్రేమమ్మ అక్కడే వార్డులు కడిగేది. పిల్ల పదేళ్ళకే తల్లిని మించింది, పన్నెండేళ్ళకు తండ్రిని మించింది. క్రిస్మస్ ముందు రాత్రుళ్ళు పాటలు పాడుతూ ఇళ్ళ వెంట తిరిగేటప్పుడు కాగితపు నక్షత్రం కర్ర ఎప్పుడూ ఆ పిల్ల చేతికే ఇచ్చేవారు. నాటకం వేస్తే దేవదూత వేషం కూడా కాదు, వెనకాల తెర పట్టుకునే పని. పొడుగు మనుషులకు లోకం ఎప్పుడూ ఏదో ఒకటి మోయడానికే ఇస్తుంది.

ఆసుపత్రికి దూరదేశం నుంచి వచ్చిన ఒక డాక్టరమ్మ నర్సుల హాస్టలు వెనక గోడకు ఒక ఇనప రింగు కొట్టించింది. నర్సులు రెండు రోజులు ఆడి మానేశారు. గేటుకాపరి కూతురు మానలేదు. మోయడానికి కాకుండా వెయ్యడానికి ఎత్తులో ఒక చోటు ఉంటుందని ఆ పిల్లకు అప్పుడు తెలిసింది.

అమరావతి వెళ్ళినవాళ్ళు చూసే ఉంటారు, పాత స్తూపపు పలకల మీద కొందరు చేతులు పైకెత్తి ఒక పాత్రను ఆకాశంలోకి సాగనంపుతుంటారు. బుద్ధుడి భిక్షాపాత్ర అంటారు పండితులు. ఆ వేళ్ళ చివర్లు, ఆ మడమలెత్తిన తీరు చూస్తే, ఏదో ఒకటి పైకి వెయ్యాలన్న ఆశ ఈ కృష్ణ ఒడ్డున రెండువేల ఏళ్ళ నుంచీ ఉందనిపిస్తుంది. కాకపోతే వాళ్ళు వేసింది కింద పడదు.

ఆమె చదువుకుంది, డ్రిల్లు ట్రైనింగు అయింది, పేటలో ఉద్యోగం వచ్చింది. పెళ్ళి సంబంధాలు వచ్చాయి. వచ్చినవాళ్ళు తల పైకెత్తి చూసి, తల దించుకుని వెళ్ళారు. ఆమె పెద్దగా బాధపడినట్టు లేదు. మిల్లు వెనక స్థలం అడిగి, ముళ్ళకంప కొట్టించి, రెండు దుంగలు పాతించి క్లబ్బు పెట్టింది. పేరు ఉషోదయ బాస్కెట్‌బాల్ క్లబ్బు. బంతి కోసమంటే ఏ తల్లీ ఆడపిల్లను పంపదు గనక ఒక పాత కుట్టుమిషను కూడా తెచ్చిపెట్టింది. ముందు అరగంట కుట్టు, తర్వాత గంట బంతి, చీకటి పడ్డాక లాంతరు దగ్గర లెక్కలు. ఏ పిల్లకు ఏది అంటుకుంటే అది. మైదానం మూల ఒక కుండ నిండా మజ్జిగ ఉండేది. తాగడానికి కాదు. పగలంతా మిరపకాయ తొడిమలు తీసి వచ్చిన పిల్లల చేతులు ఆ మజ్జిగతో కడగందే బంతి ముట్టనిచ్చేది కాదు. మంట పట్టిన చేత్తో ఒకరు బంతి పట్టుకుంటే పదిమంది కళ్ళు పోతాయి.

అన్నీ బాగానే ఉండేవి, మాఘమాసం దాకా. కోటప్పకొండ తిరునాళ్ళకు బండ్ల మీద కట్టిన ఎత్తైన ప్రభలు ఇళ్ళకు చేరేసరికి క్లబ్బులో పిల్లలుండరు. జిల్లా పోటీలు సరిగ్గా అప్పుడే. రెండేళ్ళు వరసగా ఆమె గుంటూరుకు జట్టు లేదని కబురు చెప్పి పంపింది. ఈ ఏడు, ఎనభై నాలుగులో, చెప్పదలచుకోలేదు. పిల్లలు చేలల్లో ఉంటే తనే చేలకు పోతుంది. చుట్టుపక్కల కల్లాల్లో నలుగురు దొరికారు. ఐదోది సైదా. సైదా లేకపోతే ఆ నలుగురూ ఉన్నా లేనట్టే. ఐదేళ్ళలో ఆమె చేతికి అలాంటి పిల్ల ఇంకొకతె రాలేదు.

*

"కుట్టు నేర్పుతానని చెప్పి నా కూతురికి ఎగరటం నేర్పారంట గదమ్మా!"

ఖుర్షిదా కల్లంలో కూర్చుని రంగు పోయిన తాలుకాయలు ఏరుతోంది. తలెత్తలేదు. భర్త నోట సగం, కూతురి మొహంలో సగం విని విషయం పూర్తి చేసుకుంది. సైదా తల్లి వెనక నుంచుని కాలి బొటనవేలితో నేల గీస్తోంది.

"రెండూ నేర్పానమ్మా. ఒకటి వచ్చింది," అంది జయకుమారి.

"పొద్దస్తమానం వంగి కాయ కోసొచ్చి మళ్ళీ పైకెగరాలా? నడుం ఏమైపోద్ది?"

"వంగిన నడుముకి అదే మందు."

మాబు సాహెబ్‌కు నవ్వొచ్చింది. పెళ్ళాం వైపు చూసి మింగేశాడు.

ఖుర్షిదా తాలుకాయల చాట పక్కన పెట్టింది. "సరే. గుంటూరు తీసకపో. ఆడనీ. గెలిచిందా, నీ పిల్ల. ఓడిందా, ఇంకెప్పుడూ మా పిల్లని పేరు పెట్టి పిలవగూడదు. నా కూతురు కూలికి పోయొచ్చి ఓడిపోటానికి కూడా పోవాలా? ఒట్టెయ్యి."

"మేము ఒట్లు వెయ్యమమ్మా. మాటంటే మాటే."

"అయితే మాటియ్యి."

ఇచ్చింది. ఇస్తున్నప్పుడు ఆమె భుజాన ఉన్న ఇనప రింగు దించడం మరిచిపోయి అలాగే నుంచుండిపోవడం మాబు సాహెబ్ చూశాడు.

ఇక రింగు ఎక్కడ కట్టాలన్నది సమస్య. కల్లం చుట్టుపక్కల చెట్టు లేదు, నల్లరేగడిలో దుంగ పాతాలంటే రైతు ఒప్పుకోవాలి. ఆమె చుట్టూ చూసి చూసి చివరికి మాబు సాహెబ్ బండి మీద కన్నేసింది. ఎడ్లను విప్పేశాక బండిని వెనక్కి వాల్చి ఎత్తితే కాడి కట్టే ముందరి నొగలు ఆకాశంలోకి లేస్తాయి. ఆ కొసన రింగు కట్టి, కింద దుడ్డుకర్ర ఊతం పెడితే ఎత్తు సరిపోయింది.

"ఎడ్లు చూస్తే సిగ్గుపడతాయమ్మా," అన్నాడు మాబు సాహెబ్.

కల్లం ఆసామి రామాంజనేయులు వచ్చి నడుం మీద చేతులు పెట్టుకుని చూశాడు. బొజ్జ మనిషి, కోపం త్వరగా వచ్చి త్వరగా పోయే రకం. "ఏందిరా మాబూ, నా కల్లంలో ప్రభ కడతన్నావా?" అన్నాడు. సంగతి విన్నాక కాసేపు తల గోక్కున్నాడు. "ఆడుకోండి. కానీ రాశి మీద ఒక్క కాలు పడిందంటే బంతి నూతిలో ఉంటది, చెబుతున్నా."

ఆ మాట ఆయన చెప్పనక్కర్లేదు. పగలు కల్లమంతా పరిచిన కాయల్ని సాయంత్రం మంచు పడకముందే నడిమధ్యకు ఊడ్చి రాశిపోసి పట్టలు కప్పుతారు. ఆ రాశిని ఎవరూ తొక్కరు. హిందువుకు లక్ష్మి, సాయిబుకు బరకత్తు, కిరస్తానీకి దేవుడిచ్చిన రొట్టె. పేరు ఏదైనా కాలు మాత్రం ముగ్గురిదీ పక్కకే పోతుంది.

ఈ మిరపకాయ మనది కాదంటే అక్కడ ఎవరూ నమ్మరు. ఎప్పుడో ఓడలెక్కి వచ్చిన చుట్టం అది. అంతకు ముందు మన తాతలు మిరియాలతోనే కన్నీళ్ళు పెట్టుకున్నారు. వచ్చిన చుట్టం ఇల్లు కలిసొచ్చి యజమాని అయిపోయింది. బాస్కెట్‌బాలూ అలా వచ్చిన చుట్టమే. అది ఆ సాయంత్రాలు మిరపరాశి దగ్గర ఒదిగి నడుచుకుంది. పొద్దువాటారాక ఐదుగురు పిల్లలు చేతులు మజ్జిగతో కడుక్కుని, పరికిణీలు ఎగదోపి, రాశికి ఈ పక్క నుంచీ ఆ పక్క నుంచీ ఉరికేవారు. బంతి రాశి మీదుగా గాలిలో దాటేది, పిల్లలు చుట్టు తిరిగి అందుకునేవారు. వెనక పలక లేదు గనక గురి తప్పితే బంతి చేలో పడేది. తెచ్చుకునే దూరానికి భయపడి గురి కుదిరింది. సైదా చేతిలోంచి వెళ్ళిన బంతి నొగల కొస కదలకుండా రింగులోంచి జారేది.

మాబు సాహెబ్ సాయంత్రం బాడుగలు మానుకున్నాడు. బండి లేకపోతే ఆట లేదు గదా అనేవాడు. ఖుర్షిదా ఆటవైపు వీపు పెట్టి కూర్చునేది. బంతి రింగుకు తగిలి బయటికి పోయినప్పుడు మాత్రం ఆ వీపు చిన్నగా కదిలేది.

*

గుంటూరుకు మిరప లారీలో బస్తాల మీద వెళ్ళారు. తోవ పొడుగునా ఐదుగురూ తుమ్ముతూనే ఉన్నారు. మాబు సాహెబ్‌తో పాటు ఖుర్షిదా కూడా వచ్చింది. మాట తప్పకుండా చూసుకోవడానికి వస్తున్నానంది.

సిమెంటు కోర్టు, తెల్ల గీతలు, చెక్కపలకలు. అవతలి జట్టు పిల్లలకు తెల్ల బూట్లు. మనవాళ్ళు వట్టికాళ్ళు. విజిలు మోగింది.

కాసేపటికి మాబు సాహెబ్‌కు ఏదో తేడాగా తోచింది గానీ అదేమిటో అందలేదు. పిల్లలు బాగానే ఉరుకుతున్నారు. బంతి బాగానే అందుతోంది. కానీ అవతలి పిల్లలు తిన్నగా కోర్టు నడుమ నుంచి వచ్చి బుట్టలో వేసి పోతున్నారు. వాళ్ళకు ఎవరూ అడ్డు రావడం లేదు. మనవాళ్ళు ఒక అంచు నుంచి ఇంకో అంచుకు బారుగా చుట్టు తిరిగి వచ్చేసరికి పని అయిపోతోంది. బంతి కోర్టు మధ్యలోకి దొర్లితే సైదా అక్కడున్న గుండ్రటి గీత దగ్గరికి వచ్చి, ఠక్కున ఆగి, పక్కకు తిరిగి పరుగెత్తింది. చూసేవాళ్ళు నవ్వారు.

"ఏందే ఆ తిరుగుడు! నడిమిట్లోకి పోవేం?" ఖుర్షిదా కేకేసింది. మొదటిసారి అప్పుడే ఆమె ఆటకు ఎదురుగా కూర్చుంది.

జయకుమారి రెండు చేతులూ తలకు పెట్టుకుంది. మరుక్షణం నవ్వింది. ఆమె నవ్వడం మాబు సాహెబ్ చూడటం అదే మొదలు. "రాశి! నా తల్లులారా, రాశిని తొక్కడం లేదు వీళ్ళు," అంది. "నేనే నేర్పాను గదా. నేనే."

సగం ఆట ముగిసే సరికి అవతలివాళ్ళు చాలా ముందున్నారు. పిల్లలు వచ్చి నేలమీద కూలబడ్డారు.

"రాశి ఎత్తేశారర్రా," అంది జయకుమారి. "బస్తాలకెక్కించి యార్డుకు తోలేశారు. నడుమ ఏమీ లేదు, వట్టి సిమెంటు."

"తెలుసు టీచరమ్మా," అంది సైదా. "కళ్ళకి తెలుసు. కాళ్ళు పోవట్లా."

జయకుమారి లేచింది. చెప్పులు విడిచి, సైదా చెయ్యి పట్టుకుని కోర్టు నడిమధ్యకు తీసుకుపోయింది. జనం చూస్తున్నారు. రిఫరీ నోట్లో విజిలు పెట్టుకుని ఊదాలా వద్దా అని చూస్తున్నాడు. ఆమె ఆ గుండ్రటి గీతలో నిలబడి, పసిపిల్లకు నడక నేర్పినట్టు సైదాను ఇటు నుంచి అటు నడిపించింది, అటు నుంచి ఇటు నడిపించింది. తర్వాత మిగిలిన నలుగురినీ పిలిచింది. ఒక పిల్ల ఆ గీత దాటేముందు అలవాటుగా నేలకు వేళ్ళు తాకించి కళ్ళకద్దుకుంది. ఈసారి ఎవరూ నవ్వలేదు. అక్కడున్నవాళ్ళలో సగంమంది మిరప పండించినవాళ్ళే.

రెండో సగంలో పిల్లలు నడిమధ్య నుంచి వచ్చారు. మొదట జంకుతూ వచ్చారు, ఆ తర్వాత వరదొచ్చిన వాగులా వచ్చారు. సైదా చేతిలోంచి బంతి పోవడం, పలకను ముట్టకుండా రింగులోంచి జారడం, అది ఒక వరసైపోయింది. ఖుర్షిదా లేచి నుంచుంది. "సైదా! ఆ బూట్లదాన్ని చూస్కో! ఎడమపక్క! నీ ఎడమే, నీ!" అని అరుస్తోంది. పక్కనున్న పెద్దమనిషి చెవి రుద్దుకున్నాడు. అంతరం కరిగి కరిగి ఒక్క బుట్ట దగ్గరికి వచ్చింది. సైదా చేతికి బంతి అందింది. ఎగిరింది. బంతి ఇంకా చెయ్యి వదలకముందే ఆఖరి విజిలు మోగింది. తర్వాత అది రింగులో పడింది. పడినా లెక్కలోకి రాదు.

*

లారీ తిరుగుదారి పట్టింది. బస్తాలు దించేశాక అడుగున ఎర్రటి పొడి, గింజలు మిగిలాయి. పిల్లలు గోతాలు పరుచుకుని కూర్చున్నారు. జయకుమారి ఒక మూల మోకాళ్ళు ముడుచుకుని కూర్చుంది. ముడుచుకున్నా ఆమె అందరికంటే ఎత్తుగానే ఉంది. గుంటూరు దాటింది మొదలు ఆమె సైదా వైపు చూడలేదు. సైదా రెండుమూడు సార్లు "టీచరమ్మా" అంది. ఆమె ఇంకో పిల్లను పిలిచి నీళ్ళ చెంబు సైదాకు ఇమ్మంది. పేరు నోట రానియ్యలేదు.

మాటంటే మాటే అన్న మనిషి ఇదిగో ఇలా ఉంటుంది కాబోలు అనుకున్నాడు మాబు సాహెబ్. కోతలయ్యాక ఎండలు ముదిరే నాటికి సైదా మళ్ళీ పేటలో ఉంటుంది. మిల్లు వెనక సాయంత్రాలు బంతి చప్పుడవుతుంది. ఈ పిల్ల ఇంట్లో కూర్చుని జేబు కుడుతుంది. పెళ్ళాంతో మాట్లాడదామంటే ఆమె లారీ అంచు పట్టుకుని, వెనక్కి పోయే రోడ్డునే కోపంగా చూస్తోంది.

ఉన్నట్టుండి ఖుర్షిదా ఇటు తిరిగింది.

"ఆ విజిలు వాడికి చేతికి గడియారం ఉందా అంట?"

అడుగుతూనే ఆమె జయకుమారి వైపు జరిగింది.

"నిన్నేనమ్మా టీచరమ్మా, బొమ్మలెక్క కూర్చున్నావేం? ఆ బూట్లవాళ్ళతో మళ్ళీ ఎప్పుడు?"

జయకుమారి తలెత్తింది. "వానలకి ముందు ఇంకోటి ఉందండీ. తెనాల్లో. కానీ నేను మీకు..."

"ఆఁ, మాటిచ్చావు. పుచ్చుకుంది నేనేగా? ఓడినోళ్ళం ఇప్పుడెట్టా మానేస్తాం? బయపడి మానేశారనరూ? ఆ పొట్టిజడది నా కూతుర్ని చూసి నవ్వింది, నేను చూడలేదనుకున్నావా? గెలిచి మానేద్దాం."

"గెలిచాకనా?" అన్నాడు మాబు సాహెబ్ ఊరుకోలేక.

"గెలిచాక సంగతి గెలిచాక. నువ్వు బండి సంగతి చూడు. ఆ నొగ ఎడంపక్కకి ఒరిగి ఉంటంది, అందుకే పిల్ల గురి అప్పుడప్పుడూ తప్పుతంది."

పిల్లలు ఒకరి మీద ఒకరు పడి నవ్వారు. సైదా నవ్వలేదు. తల్లి వైపు, టీచరమ్మ వైపు మార్చి మార్చి చూసింది.

లారీ పేట సెంటర్లో ఆగింది. మార్టూరు పోయేవాళ్ళు అలాగే ముందుకు పోవాలి, జయకుమారి ఇక్కడ దిగాలి. ఆమె వలసంచి తీసుకుంది. లారీ అంచు మీంచి కాలు కిందికి వేస్తే అది నేలకు అందినంత పని చేసింది. దిగింది. బట్టలు దులుపుకుంది. సంచిలోంచి బంతి తీసి, ఒక్క క్షణం చేతుల్లో తిప్పి, లారీలోకి విసిరింది. సైదా అందుకుంది.

"టీచరమ్మా, రేపు వస్తన్నావా?" ఖుర్షిదా అడిగింది.

జయకుమారి సైదా చేతిలోని బంతిని గడ్డంతో చూపించింది. ఇటు తిరిగి ఒకసారి అందరినీ చూసింది, సైదాను కాస్త ఎక్కువసేపు చూసింది. తర్వాత రోడ్డు దాటి, అరటిపండ్ల బండ్ల మధ్య నుంచి తిన్నగా నడవడం మొదలుపెట్టింది.

"ఏందమ్మోయ్, వెళ్ళొస్తాననైనా అనకుండా!" అని మాబు సాహెబ్ లారీ మీంచి కేకేశాడు.

ఆమె వెనక్కి తిరగలేదు. అందరికంటే ఎత్తున ఆ తల సందడి మీదుగా చాలాదూరం కనిపించింది, మిల్లు సందు మలుపు తిరిగేదాకా.